నలగని చొక్కా

బొగ్గులు ఇంకా సరిగ్గా రాజుకోలేదు. మాదయ్య ఇస్త్రీపెట్టె మూత తెరిచి, విసనకర్రతో నాలుగు విసుర్లు విసిరి ఆగాడు. మునుపైతే ఏకబిగిన ఇరవై విసిరేవాడు. ఇప్పుడు నాలుగింటికే ఎడమ రొమ్ము కింద ఎవరో తడిగుడ్డ పిండుతున్నట్టుగా ఉంటోంది. అటూ ఇటూ చూసి, ఎవరూ గమనించడం లేదని రూఢి చేసుకుని, మళ్ళీ నాలుగు విసిరాడు. ఈసారి నిప్పు అంటుకుంది.

రాయపురంలో చేపల రేవుకు పోయే రోడ్డు నుంచి లోపలికి చీలిన సందు అది. సందు మొదట్లో గంగరావి చెట్టు, దాని కింద మాదయ్య బండి. బండికి నాలుగు చక్రాలున్నాయి గానీ, రెండింటికి గాలి పోయి పదేళ్ళు దాటింది. ఎక్కడికీ పోయేది లేదు కనుక ఆయన గాలి కొట్టించలేదు. ఊరి పేరు చెన్నై అని మార్చి ఏడాది దాటినా ఆయనకు ఇది మద్రాసే. పేరు మారితే ముడతలు పోతాయా ఏమిటి అనేవాడు.

ఆదివారం పొద్దున ఆరు గంటలకే మూటలు బండి మీదికెక్కాయి. ఉతుకు పని భార్య అలివేలుది, ఇస్త్రీ మాదయ్యది. ఏ బట్ట ఏ ఇంటిదో కాలరు లోపలి గుర్తు చూస్తే తెలుస్తుంది. జీడిగింజ రసంతో పెట్టిన గుర్తు బట్ట చిరిగేదాకా పోదు. రెండు చుక్కలు మేస్త్రీగారిల్లు. చుక్క మీద గీత చేపల వేలంపాట రామసామి ఇల్లు. కూడిక గుర్తు పక్కన చుక్క ఉంటే చర్చి బట్ట. చదువు రాని మాదయ్య ఈ సందులో ఎనభై ఇళ్ళను ఇట్లా చదివేస్తాడు.

బండి గుంజకు ఒక కొక్కెం ఉంది. దానికి హ్యాంగరు మీద ఒక తెల్ల చొక్కా వేలాడుతోంది. దాని కాలరు లోపల ఏ గుర్తూ లేదు. ఉతుక్కి పోని బట్టకు గుర్తుతో పని లేదు కదా.

అది మాదయ్య చొక్కా. నెలలో మొదటి శనివారం సాయంత్రం దాన్ని ట్రంకుపెట్టెలో నుంచి తీసి, అందరి బట్టలకంటే ఎక్కువ ఓపికగా ఇస్త్రీ చేస్తాడు. తెల్లారి ఆదివారం కొక్కేనికి తగిలిస్తాడు. ఆ రోజు తెలుగు చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. జనం మోకాళ్ళ మీద నిలిచి రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకుంటారు. ఈసారి నేనూ పోతాను అనుకుంటాడు మాదయ్య. మొదటి గంట కొడతారు, రెండో గంట కొడతారు, పాట మొదలవుతుంది. సాయంత్రానికి చొక్కా ఎట్లా వచ్చిందో అట్లాగే ఇంటికి పోతుంది. అలివేలు దాన్ని మడిచి పెట్టెలో పెడుతుంది. ఏమీ అడగదు. ఈ తంతు ముప్పై ఒక్క ఏళ్ళుగా సాగుతోంది. ఈ లోపల కాలరు పిగిలి మూడు చొక్కాలు మారాయి. తొడుక్కోని చొక్కాకు కూడా కాలరు పిగులుతుందని ఇస్త్రీ పనివాడికి తప్ప ఎవరికి తెలుస్తుంది?

అడిగినవాళ్ళకు ఒకటే జవాబు. "ఆదివారమే గదయ్యా మాకు పని. మీరందరూ తెల్లగా గుడికి పోవాలంటే ఒకడు ఈడ నిలబడాల గదా." వినడానికి న్యాయంగా ఉండేది. కొందరు పాపం అని కూడా అనేవాళ్ళు.

కానీ అసలు కారణం పని కాదు.

మాదయ్యకు ఇరవై ఏడేళ్ళప్పుడు, పెళ్ళయిన కొత్తలో, ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ ఇస్త్రీకి వచ్చింది. ఎప్పటిదో, దొరసాని ఒకామె ఇచ్చిపోయిన దళసరి తెల్ల గుడ్డ. దాన్ని సగం రుద్దాడో లేదో, అలివేలు అన్నం క్యారియరు పట్టుకుని సందు మొదట్లో కనిపించింది. పసుపుపచ్చ చీర, తడి ఆరని జడ. మాదయ్య అటు చూశాడు. చూపు తిప్పుకునేసరికి కమురు వాసన. గుడ్డ అంచు దగ్గర తమలపాకంత మచ్చ, ఇస్త్రీపెట్టె మొన ఆకారంలో.

ఆ రాత్రి ఇద్దరికీ అన్నం దిగలేదు. మర్నాటి నుంచి మూడు సాయంత్రాలు అలివేలు కూచుని ఆ మచ్చ మీద ద్రాక్షగుత్తి కుట్టింది. నాలుగు ఆకులు, ఒక తీగ. ఆదివారం నాడు చర్చి పెద్దలు అది చూసి మురిసిపోయారు. "మాదయ్య పెండ్లాం భక్తి చూడండయ్యా" అని అందరి ముందూ చెప్పారు. మాదయ్య తల వంచుకున్నాడు. ఆ రోజే చెప్పి ఉంటే చిన్న మాట. చెప్పలేకపోయాడు. మరుసటి నెల ఆ బల్ల ముందు మోకాళ్ళు వేయబోయి, ద్రాక్షగుత్తి కంటబడి, లేచి బయటికి వచ్చేశాడు. మళ్ళీ పోలేదు. పెళ్ళిళ్ళకూ చావులకూ లోపలికి పోయేవాడు. మామూలు ఆదివారాలు పని మధ్యలో కాసేపు పోయి కిటికీ బయట నిలబడి ప్రసంగం వినేవాడు. బల్ల ఆదివారం మాత్రం కొక్కేనికి చొక్కా, చేతిలో ఇస్త్రీపెట్టె.

ఇందులో ఇంకో తిప్పలుంది. కుట్టుపని ఉన్న గుడ్డను తిరగేసి ఇస్త్రీ చెయ్యాలి. పైనుంచి రుద్దితే దారం అణిగిపోతుంది. అందువల్ల నెలకొకసారి ఆ గుడ్డ బండి మీద బోర్లా పడి మాదయ్యకు తన మచ్చను చూపించేది. ఊరంతా చూసేది ద్రాక్షగుత్తి, ఆయన చూసేది మచ్చ.

మూడు వారాల క్రితం పెద్దాసుపత్రిలో డాక్టరు అమ్మాయి చెవి గొట్టం తీసి మెడలో వేసుకుంది. గుండె వాచింది, మందులతో ఎన్నాళ్ళు నడుస్తుందో చెప్పలేను, బరువులు ఎత్తొద్దు అంది. ఇస్త్రీపెట్టె ఏడు కిలోలు. మాదయ్య నవ్వి "సెరిమ్మా" అన్నాడు. బస్సులో వస్తూ అలివేలు కిటికీ బయటికి చూస్తూ చెప్పింది.

"దీపం ఉండంగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు."

"మనకేముంది మే చక్కబెట్టుకునేదానికి? ఒక బండి, ఒక పెట్టె."

"నేను ఇంటి మాట చెప్పలేదులే" అంది అలివేలు.

ఆ మాట మూడు వారాలుగా ఆయన వెంట తిరుగుతోంది. చావు అంటే భయం లేదని కాదు, ఉంది. కానీ దానికంటే పెద్ద భయం ఇంకొకటి పట్టుకుంది. ఆడికి పోయినాక ఆ దేవుడి ముందు నిలబడితే ఏం చెప్పాల? నీ ఇంటి గుడ్డ కాల్చి, నీకే చెప్పకుండా తప్పుకు తిరిగినానని చెప్పాలా? ఈ ఆదివారం పోవాల్సిందే. పోకపోతే మళ్ళీ నెల ఉంటుందో ఉండదో.

ఏడున్నరకు జనం మొదలయ్యారు. చేతులు అలవాటుగా పని చేశాయి. నీళ్ళు చిలకరించడం, కాలరు, భుజాలు, చేతులు, ముందుపక్క, వెనకపక్క, మడత. మాదయ్య చేతుల మీద నరాలు తాళ్ళలా లేచి ఉంటాయి. కుడి మణికట్టు మీద పాత కాలిన మచ్చలు ఇన్నని లేవు. ప్రతి రెండు చొక్కాలకూ ఒకసారి పెట్టె ఇనుప ముక్క మీద నిలబెట్టి, గుంజను పట్టుకుని ఊపిరి తీసుకుంటున్నాడు. రామసామి రెండు చొక్కాలు తెచ్చి పడేశాడు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ, రేవులో పొద్దున్నే చేపల వేలం పాడే గొంతు.

"మాదయ్యా, పెండ్లి ఉండాది తిరువొత్తియూరులో. పదికి ముహూర్తం. ముందు నాది ముగించు."

"వరసలో పెట్టు రామసామీ."

"వరస గిరస నాకు చెప్పాకు. నేనేమన్నా నిన్నటివాణ్ణా?"

మాదయ్య వాటిని మూట పైన పెట్టాడు. మనసులో లెక్క వేసుకున్నాడు. ఎనిమిదిన్నరకు మొదటి గంట. అంతలోపల ఇవి అయిపోతాయి. అవ్వకపోతే? ప్రతి నెలా ఇదే లెక్క. ప్రతి నెలా అవ్వలేదు.

ఎనిమిది గంటలకు నివేదిత వచ్చింది. హార్బరు ఆఫీసు గుమాస్తా భక్తవత్సలం నాయుడు కూతురు, కాలేజీ చదువుతోంది. ఎప్పుడూ సైకిలు మీద వచ్చి, మూట విసిరి, గంట కొట్టుకుంటూ పోయే పిల్ల. ఈరోజు నడిచి వచ్చింది. కాళ్ళకు చెప్పులు లేవు. చేతుల్లో ఒక పట్టు పంచె.

మాదయ్య దాన్ని చూడగానే గుర్తుపట్టాడు. దానికీ గుర్తు లేదు, ఎప్పుడూ ఉతుక్కి రాలేదు కనుక. తిరుమల కొండకు నడిచిపోయి స్వామి ముందు కట్టుకోవాలని భక్తవత్సలం కొన్న పంచె అది. ప్రతి ఏడూ, స్వామికి ఇష్టమైన పెరటాసి నెల ముందర ఇస్త్రీకి తెస్తాడు. ఒక ఏడు ఆడిటు అన్నాడు. ఒక ఏడు పిల్ల పరీక్షలు. ఒక ఏడు మోకాలు నొప్పి. రిటైరయ్యాక తీరిగ్గా పోతాలే మాదయ్యా, స్వామి ఎక్కడికి పోతాడు అనేవాడు. కొక్కేనికి వేలాడే చొక్కా సంగతి ఈ సందులో ఆయన ఒక్కడే పసిగట్టాడు. పోయిన ఏడు పంచె అందుకుంటూ, "నీది చొక్కా, నాది పంచె. ఇద్దర్లో ఎవురు ముందు తొడుగుతారో పందెం" అని నవ్వాడు.

"ఇంకా పెరటాసి రాలేదు గదమ్మా" అన్నాడు మాదయ్య. "ఏం, నాయన ఈ ఏడు తొందరపడతా ఉండాడా?"

నివేదిత పంచెను గుండెకు హత్తుకుంది.

"అప్పా లేరు తాతా. పొద్దున నాలుగున్నరకి నెంజు నొప్పి అని రొమ్ము పట్టుకున్నారు. నీళ్ళు అడిగినారు. తెచ్చేలోపల…" ఆ పిల్ల పెదవి కొరుక్కుంది. "అమ్మ దీన్నే కట్టాలంటా ఉండాది. మడతలు పడుండాయి, మాదయ్య దగ్గర బాగా చేయించుకోని రా అనింది."

మాదయ్య చేతిలో పెట్టె ఒక్క క్షణం గాలిలో ఆగింది. దాన్ని మెల్లిగా దించాడు. బండి మీద ఉన్న చొక్కాలన్నీ పక్కకు తోశాడు. చేతులు కడుక్కున్నాడు. పంచె పరిచాడు. పదకొండు నెలలు బీరువాలో ఉన్న మడతల చోట పట్టు పసుపు తిరిగింది. ఆ గీతలు ఇస్త్రీకి పోయేవి కావు, ఆయనకు తెలుసు. అయినా పైన పలచటి గుడ్డ వేసి, పెట్టె సగం వేడిలో ఉంచి, అంచు నుంచి అంచుకు తోశాడు. రోజూ వేలసార్లు చేసే పని. ఈ ఒక్కసారి తొందర అనేది లేకుండా చేశాడు. ఈ మడత ఇంక ఎవరూ విప్పి మళ్ళీ తన దగ్గరికి తేరు.

పిల్లకు రెండు చేతులతో అందించాడు. "నీళ్ళు తాగినావామ్మా?" అని అడిగాడు. నివేదిత తల అడ్డంగా ఊపి, పంచెను రెండు అరచేతుల మీద పెట్టుకుని వెళ్ళిపోయింది.

పందెం భక్తవత్సలమే గెలిచాడు. కాకపోతే కట్టుకునేది ఆయన కాదు, ఆయనకు ఎవరో కడతారు. ఈ ఆలోచన రాగానే మాదయ్య గుంజను పట్టుకున్నాడు. కొక్కేనికి వేలాడే చొక్కా వైపు చూశాడు. రేపో ఎల్లుండో ఈ చొక్కా చేతుల్లోకి తన చేతులు ఇంకెవరో దూరుస్తారు. కొత్త చొక్కా, ఎంత బాగా ఇస్త్రీ చేసిపెట్టుకున్నాడో చూడండి అంటారు.

అంతలో చర్చిలో మొదటి గంట కొట్టారు.

మాదయ్య పెట్టె మూత తెరిచాడు. చెంబులో నీళ్ళు బొగ్గుల మీద పోశాడు. బుస్సున ఆవిరి లేచింది. ముప్పై ఏళ్ళ పైచిలుకు బండి జీవితంలో మధ్యాహ్నం కాకుండా నిప్పు చల్లార్చడం ఇదే మొదలు. చుట్టూ ఉన్నవాళ్ళు నోరు తెరిచారు.

"ఏందయ్యా ఇది?" రామసామి పరుగున వచ్చాడు. "నా షర్టు?"

మాదయ్య రెండు చొక్కాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ముడతల్తోనే పో రామసామీ. పెండ్లికొడుకువి నువ్వు కాదు గదా."

"బుద్ధి ఉండాదా నీకు? ఇప్పుడు నేనెవురి దగ్గరికి పోయేది?"

"ఏమో. నేను పోయేది మాత్రం తెలిసింది." మాదయ్య నవ్వలేదు, కోపం తెచ్చుకోలేదు. "మిగిలినవాళ్ళు కూడా సాయంత్రం రాండి. తప్పుగా అనుకోబాకండి."

తిట్లు వినిపిస్తూనే ఉన్నాయి. కుళాయి దగ్గర మొహం కడుక్కుని, చెట్టు చాటున పాత బనీను మీద చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు. గంజి వాసన, కొత్త గుడ్డ గరుకు. ఈ చర్మానికి ఈ గుడ్డ ఎన్నేళ్ళు పక్కపక్కనే ఉండి అంటుకోకుండా పోయాయో అనుకుంటే ఆయనకు తన మీద తనకే జాలేసింది.

చర్చి మూడు వందల అడుగుల దూరం. మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడ్డాడు. గుమ్మం బయట చెప్పులు విడిచి, చివరి బెంచీలో కూచున్నాడు. ఆడవాళ్ళ వైపు నుంచి అలివేలు వెనక్కి తిరిగి చూసింది. చూసి, ముసుగు సరిచేసుకుని మళ్ళీ ముందుకు తిరిగింది. తర్వాత పాట పాడుతున్న అందరిలో ఆమె గొంతు ఒక్కటే రెండు చరణాల పాటు వినిపించలేదు.

ప్రసంగం మాదయ్య చెవికి ఎక్కలేదు. చూపంతా బల్ల మీద ఉంది. తెల్ల గుడ్డ, అంచుకు ద్రాక్షగుత్తి. నిన్న సాయంత్రం తాను ఇస్త్రీ చేసి పంపిందే.

పిలుపు రాగానే లేచాడు. నడవా పొడవునా నడిచి, బల్ల చుట్టూ ఉన్న కొయ్య కటకటాల ముందు మోకాళ్ళు వేశాడు. పక్కన మునియక్క ఉంది. చర్చి ఊడ్చి, దీపాలు తుడిచి, బల్ల మీద గుడ్డ పరిచే ముసలామె. రొట్టె పళ్ళెంతో జెబకుమార్ అయ్యగారు వరసగా వస్తున్నారు. కొత్తగా వచ్చిన పడుచు పాదిరి. మాదయ్య ముందు ఆగారు. మాదయ్య చెయ్యి చాపలేదు.

"అయ్యా" అన్నాడు. "ముందు ఒక మాట చెప్పాల. ఆ గుడ్డ కాల్చింది నేనే. ఆ ద్రాక్షపండ్ల కింద మచ్చ ఉండాది. ముప్పై ఒక్క ఏండ్లుగా దాచిపెట్టినాను. దేవుడికి కూడా చెప్పలేదు."

అయ్యగారికి అర్థం కాలేదు. ఏ గుడ్డ, ఏ మచ్చ? వెనక వరసలో దగ్గులు, గుసగుసలు. మునియక్క మోకాళ్ళ మీద నుంచి లేవకుండానే మాదయ్య మోచేతిని తట్టింది.

"తెలుసులేబ్బా" అంది, మామూలుగా. "పరిచేది నేనే గదా. నాకు ముందు పరిచిన మా అత్తకీ తెలుసు. నువ్వు ఎప్పుడొస్తావా అని చూస్తా ఉండినాం. చెయ్యి చాపు, అయ్యగారు నిలబడుకోనుండారు."

మాదయ్య ఆమె వైపు చూశాడు. తర్వాత రెండు చేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి చాపాడు. కాలిన మచ్చల అరచేతిలో అయ్యగారు రొట్టె ముక్క పెట్టారు. ఏడ్చాడు. ఎవరు చూస్తున్నారో చూసుకోకుండా, చిన్నపిల్లవాడిలా భుజాలు ఎగరేసి ఏడ్చాడు. ద్రాక్షరసం గిన్నె మీద తల వంచినప్పుడు చొక్కా ముందు పక్కంతా కటకటాలకు ఒత్తుకుని నలిగింది.

ఇంటికి వస్తూ దారిలో అలివేలు పక్కనే నడిచింది, మామూలుగా నడిచే రెండు అడుగుల వెనక కాదు. భక్తవత్సలం ఇంటి ముందు ఆగి చేతులు జోడించి వచ్చారు. ఆయన కొత్త పట్టు పంచెతో, నుదుట నామంతో పడుకుని ఉన్నాడు.

అన్నంలోకి చీలు చేపల పులుసు. మాదయ్య రెండుసార్లు వడ్డించుకున్నాడు. తిన్నాక గుమ్మం పక్కన చాప పరుచుకున్నాడు.

"చొక్కా తీసి పండుకోయ్యా. నలిగిపోతాది" అంది అలివేలు.

"నలగనీలే మే" అన్నాడు మాదయ్య. పక్కకు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

నాలుగు గంటలకు రేవులో ఓడ కూత పెట్టింది. అలివేలు టీ కలుపుకుని వచ్చి, గ్లాసు పక్కన పెట్టి భుజం మీద చెయ్యి వేసింది. చొక్కా వెచ్చగానే ఉంది, మధ్యాహ్నపు ఎండ గుమ్మంలో పడి. లోపలి మనిషి చల్లబడ్డాడు. ఆమె వెంటనే ఎవరినీ పిలవలేదు. చాప మీద పక్కన కూచుని, టీ చల్లారేదాకా ఆయన వీపు మీద చెయ్యి అట్లాగే ఉంచింది.

తెల్లారి సందులో వాళ్ళంతా వచ్చారు. మాధవరం నుంచి కూతురు వచ్చి తమిళంలో ఏడ్చింది. మునియక్క శవపేటిక పక్కన కూచుని పాట ఎత్తుకుంది. అందరికంటే ముందు వచ్చినవాడు రామసామి. ఎవరికీ చెప్పకుండా పోయి, గంగరావి చెట్టు కింద మాదయ్య ఇస్త్రీపెట్టెలో తడి బొగ్గులు పారబోసి, కొత్తవి వేసి, ఎట్లా విసరాలో తెలియక కళ్ళలో బూడిద కొట్టుకుని, ఎలాగో రాజేసి తెచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. బూడిద వల్లే అని ఆయనన్నాడు.

"చొక్కా అంతా నలిగిపోయుండాది అక్కా. ఊరందరికీ ఇస్త్రీ చేసిన మనిషి. ఇట్లా పంపితే ఎట్ల? ఒక తూరి తియ్యి, నేను రుద్దిస్తా."

అలివేలు మాదయ్య రొమ్ము మీది చొక్కాను అరచేత్తో తడిమింది. కటకటాలకు ఒత్తుకున్న చోట అడ్డంగా ఒక ముడత, నిద్రలో పడినవి వీపున పది.

"వద్దు రామసామీ" అంది. "తొడుక్కుంటేనే గదా నలిగింది. అట్లనే పోనీ."

రామసామి ఇస్త్రీపెట్టెను గుమ్మం బయట పెట్టాడు. శవపేటిక సందు దాటింది. గంగరావి చెట్టు కింద, గాలి లేని చక్రాల బండి మీద ఆదివారం మూటలు విప్పకుండానే ఉన్నాయి. గుంజ కొక్కేనికి ఖాళీ హ్యాంగరు వేలాడుతోంది.